తలుపు పక్క బెంచీ

జూన్ 24
ఫిట్స్ వచ్చే ఏడో తరగతి పాపకు స్టాఫ్‌రూమ్‌లో పెట్టిన పేరు కరెంటు. ఎప్పుడు పోతుందో తెలియదు కదా అని డ్రాయింగ్ మాస్టారు వివరించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నోరు పడిపోను.

జూలై 2
లెక్కల పీరియడ్‌లో పాపకు ఫిట్స్ వచ్చాయి. నేను పక్కకు తిప్పి పడుకోబెట్టేలోపే పీఈటీ మాస్టారు తాళాల గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆఫీసు గదికీ బీరువాకీ అదే గుత్తి. ఇనుము పట్టిస్తే ఆగిపోతుందట. పాప పిడికిట్లో కుక్కాడు. ఫిట్స్ దానంతటదే ఆగింది. పేరు మాత్రం తాళాలకు వచ్చింది. పాప అరచేయి గీరుకుపోయింది, అది ఎవరికీ పట్టలేదు.

నాకు ఒళ్లు మండింది. ఇనుముతో ఫిట్స్ ఆగవని చెప్పబోయి ఆగాను. ఇవన్నీ మీకెలా తెలుసని అడిగితే? కాలేజీ రోజుల నుంచి మింగుతున్న ఫిట్స్ మాత్రలు నా హ్యాండ్‌బ్యాగ్‌లో, విటమిన్ల డబ్బాలో ఉన్నాయి. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

జూలై 3
హెచ్చెమ్ ఆర్డర్. పాప తలుపు పక్క బెంచీలో ఒక్కతే కూర్చోవాలి. పడితే మోసుకుపోవడం సులువట. పక్కవాళ్లకు అంటుకోకుండా ఉంటుందని కూడా అంది. బీఎస్సీ చదివిన మనిషి.

బెంచీ నేనే జరిపించాను. పాప పుస్తకాలు సర్దుకుని వెళ్లి కూర్చుంది.

జూలై 9
ఛీ.

జూలై 15, సాయంత్రం
పాప వాళ్లమ్మను స్టాఫ్‌రూమ్‌కు పిలిపించారు. రేపు టీసీ రాసిస్తాం, వేరే స్కూలు చూసుకోమన్నారు. మందులు వాడుతున్నామండీ, ముందుకంటే నయమండీ అని ఆవిడ ఒక్కొక్కరి ముఖం చూస్తూ వచ్చింది. నా దగ్గర ఆగింది.

ఇక ఉండబట్టలేదు. నాకూ అదే జబ్బు, ఇన్నేళ్లూ మీ మధ్యే పాఠాలు చెప్పాను అన్నాను. డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాను. డ్రాయింగ్ మాస్టారు తన టీ కప్పు అవతలికి లాక్కున్నాడు. హెచ్చెమ్ నన్ను ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోమంది. టీసీ మాట మాత్రం మార్చలేదు.

జూలై 16, ఉదయం
స్టాఫ్‌రూమ్‌లో నా కుర్చీ తలుపు పక్కకు జరిపారు. సరిగ్గా తాళాల గుత్తి తగిలించే మేకు కింద. నాకు ఫిట్స్ వస్తే తాళాలు చేతికందాలట.

అందాయి. టీసీ పుస్తకం బీరువాలో ఉంది. గుత్తి నా బ్యాగ్‌లో ఉంది. అందరూ వెతుకుతున్నారు. నేనూ వెతుకుతున్నాను.