కామా ఆపరేషన్‌కు తేదీ

ముదిగుబ్బ, 1983

జూన్ 6, సోమవారం

ఈరోజు నుంచి క్రమశిక్షణ. ఇది మాటలకు కాదు, నిజంగా!

కామాను పశువుల డాక్టరు ఓబుళేసు గారికి చూపించాను. కామా మా కుక్కపిల్ల. ఆడది. ఐదున్నర నెలలు. తోక కామాలా వంగి ఉంటుంది. నడిచేది కూడా అలాగే, నాలుగు అడుగులకొకసారి ఆగి కూర్చుంటుంది. కూర్చున్న ప్రతిసారీ నాలుగు చుక్కలు. మందు వాడితే తగ్గుతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. మూడు నెలలుగా ఇదే.

డాక్టరు గారు చెప్పింది: "రెండు దార్లుండాయి పాపా. ఎదకు రాకముందే ఆపరేషన్ చేయిస్తే పిల్లల బాధ ఉండదు. కానీ దీనికి ఉచ్చ జబ్బు మాటిమాటికీ వస్తాండాది. ఒక ఎద పోనిస్తే ఆ భాగం బాగా పెరిగి, జబ్బు దానంతటదే పోయినా పోవచ్చు. పోకపోనూవచ్చు. ముందు చేయించి జబ్బు అట్లే ఉండిపోతే, బతుకంతా చుక్కలే. తర్వాత చేయిద్దామని నువ్వు ఏమరుపాటుగా ఉంటివో, ఈ బక్కదానికి పిల్లలు. ఏది కావల్లో నువ్వే చెప్పు."

గొర్రెలు తోలుకొచ్చిన పదిమంది వింటున్నారు. వాళ్ళకు వినపడలేదేమోనని ఆయన రెండోసారి చెప్పారు. నేను ఒక గొర్రె వైపు చూశాను. అదీ నా వైపు చూసింది.

కాన్వెంటులో ఏడేళ్ళు చదివాను. జబ్బు పేరులోని మాట, కుక్క ఈడు మాట, ఆ రెండూ ఎప్పుడూ పలకలేదు. మొదటిదానికి సిస్టర్లు 'నంబర్ వన్' అని నేర్పారు. రెండోదానికి వాళ్ళ దగ్గర నంబరు కూడా లేదు. అందుకని ఈ డైరీలో మొదటిది 'ఒకటి'. రెండోది 'ఆ మాట'.

నిర్ణయాలు:
ప్రతి 'ఒకటి' టైముతో సహా రాయాలి.
ఎంత పోసిందో కొలవాలి (డాక్టరు గారి ఆజ్ఞ).
13వ తేదీ ఉదయం మొదటిది సీసాలో పట్టి ఆయనకివ్వాలి.
20వ తేదీ, సోమవారం, ముందా తర్వాతా చెప్పేయాలి. వాయిదా లేదు!

వచ్చేటప్పుడు ఆయన అన్నారు: "ఆరు నెలలు నిండినాక నీ నిర్ణయం కోసం అది కాచుకోని ఉండదు."

జూన్ 7, మంగళవారం

స్కేలుతో గీతలు గీశాను. ఎర్ర సిరాతో శీర్షిక. చాలా అందంగా వచ్చింది.

6.05 – ఒకటి. వరండా.
6.20 – ఒకటి. చుక్కలు.
6.35 – ప్రయత్నం. ఫలితం లేదు.
7.10 – ఒకటి. నాయన చెప్పులో.
7.12 – నాయన అరుపు.

సాయంత్రానికి మొత్తం 19. ఇంత స్పష్టంగా పట్టిక ఉంటే నిర్ణయం ఎంతసేపు? ముందే చేయించాలి. తేలిపోయింది!

జూన్ 8, బుధవారం

మొత్తం 23.

అమ్మ ట్యాంకరు దగ్గర రెండు గంటలు నిలబడి మూడు బిందెలు తెచ్చింది. కామా అందులో సగం చెంబు తాగి, గుమ్మం దగ్గర కూర్చుంది.

"మనుషులకే నీళ్ళు లేవు. ఇది తాగేది తాగతాంది, పోసేది పోస్తాంది. దీన్ని చూసైనా ఆ ఆకాశం సిగ్గు తెచ్చుకోవల్ల!" అంది అమ్మ.

సాయంత్రం ఇంకోలా అనిపించింది. బతుకంతా చుక్కలైతే? తర్వాతే చేయించాలి. ఇదీ తేలిపోయింది.

జూన్ 10, శుక్రవారం

నిన్న రాయలేదు. నవల చివరి వంద పేజీల్లో ఉన్నాను. హీరోయిన్ చావుబతుకుల్లో ఉంటే లేచి వెళ్ళి కుక్క వెనక నిలబడటం కుదరలేదు.

నిన్నటి మొత్తం: సుమారు 20. (నిజాయితీగా అంచనా.)

జూన్ 11, శనివారం

సీసాలో పట్టడం అభ్యాసం. గంటెతో ప్రయత్నించాను. కామా కూర్చుంటుంది, గంటె కిందికి జారుస్తాను, అది లేచి నా ముఖం చూస్తుంది. దానికీ సిగ్గే. నా పెంపకం.

గోడ అవతల రామక్క. కరువు పనికి, రోడ్డు మీద మట్టి మోయడానికి పోతోంది. కామాను ఆమె 'కామాక్షి' అంటుంది. వద్దంటే 'కామాక్షమ్మ' అంటుంది.

"ఏం పాపా, గంటె పట్టుకోని దాని ఎనకాల తిరగతాండావు? కామాక్షమ్మకు హారతా?"

పళ్ళెం మూత అయితే సరిపోతుంది. లోతు తక్కువ, అది గమనించదు. ఈరోజు మొత్తం లెక్కపెట్టలేదు. అభ్యాసమూ పనే కదా.

జూన్ 12, ఆదివారం

కొలత గ్లాసు దొరికింది!

మా ఇల్లు రెవెన్యూ ఆఫీసు వెనక క్వార్టర్సు. నాయన అక్కడ గుమాస్తా. ఆవరణలో వాన కొలిచే డబ్బా ఉంది, అది కూడా ఆయన బాధ్యతే. రోజూ పొద్దున అటెండరు తిప్పేస్వామి డబ్బా తెరిచి, నీళ్ళుంటే గీతల గ్లాసులో పోసి కిటికీలో పెట్టాలి. ఎనిమిదిన్నరకు నాయన చూసి, రిజిస్టరులో రాసి, పై ఆఫీసుకు ఫోను చేయాలి. అక్టోబరు నుంచి రోజూ 0.0. ఆ గ్లాసులో సాలీడు కాపురం పెట్టింది.

సాలీడును సగౌరవంగా పంపించి, గ్లాసు తోమాను. ఎవరికీ అవసరం లేని గ్లాసు. పది నిమిషాలు వాడుకుంటే తప్పేముంది? గీతలు, అంకెలు అన్నీ ఉన్నాయి.

జూన్ 13, సోమవారం

6.10 – విజయం!! పళ్ళెం మూతలో. మూడు విడతల్లో. గ్లాసులో పోస్తే నాలుగు గీత దాటి ఇంకా కొంచెం.

గ్లాసు కిటికీలో పెట్టి, సీసా కడగడానికి లోపలికి పోయాను. అమ్మ పొయ్యి మీద పాలు చూడమంది. పాల ముందు నవల తెరిచాను.

8.35 – బయటికొచ్చాను. నాయన గ్లాసును కంటి ఎత్తున పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"నాలుగు పాయింట్ రెండు!"

తిప్పేస్వామి పెళ్ళికని ఆరు గంటల బస్సుకు రాప్తాడు పోయాడు. పోతూ పోతూ డబ్బా తెరిచి పోసిపెట్టాడని నాయన అనుకున్నాడు.

"రాత్రి వాన పడితే నాకు తెలీదా? బయట బట్టలుండె" అంది అమ్మ.

"నీ గురక సప్పుడులో వాన యాడ ఇనపడతాది?"

"పచ్చగా ఉండాదే?"

"ఎనిమిది నెలల దుమ్ము కడుక్కోని దిగింది. తెల్లగా ఎట్ల ఉంటాది? దుమ్ము వాన." గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకున్నాడు. "ఆహా. తొలకరి వాసన."

నేను దగ్గరికి పోయాను.

"నాయనా, అది... ఒకటి."

"ఒకటి కాదమ్మా. సరిగ్గా చూడు. నాలుగు పాయింట్ రెండు."

ఫోనులో ఆయన అరుపు బస్టాండు దాకా వినపడి ఉంటుంది. తర్వాత, వాన నీళ్ళు వృథా చేయకూడదని గ్లాసులోది మల్లెచెట్టుకు పోశాడు.

డాక్టరు గారి దగ్గరికి పోలేదు. సీసా ఖాళీ.

జూన్ 14, మంగళవారం

నాయన గడ్డం గీసుకున్నాడు. కూనిరాగం తీస్తున్నాడు. అక్టోబరు తర్వాత ఇదే మొదటిసారి.

నల్లమాడ వైపు నుంచి ఇద్దరు రైతులు సైకిలు మీద వచ్చి, మా ఆవరణలో నేల తొక్కి చూశారు. "ఈడ్నే పడిందంటనే? గోడ కవతల పడలేదంటనే? ఇది ఏం వానప్పా, మనిషిని చూసి కురిసినట్లుండాదే!"

సాయంత్రం రామక్క వచ్చింది. నవ్వడం లేదు.

"వాన పడిందని కాగితం పోయిండాదంట పాపా. పనులు నిలిపేస్తారని మేస్త్రీ చెప్పినాడు. పొద్దంతా ఆ రోడ్డు మీద మట్టి మోస్తా ఉంటి. యాడ పడింది వాన? నా నెత్తిన పడలేదే!"

నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

కామా మొత్తం: రాయలేదు. రాసే చెయ్యి లేదు.

జూన్ 15, బుధవారం

నాయనకు చెప్పాలి. మూడు వాక్యాలు రాసుకున్నాను.

నాయనా, ఆ వాన ఆకాశం నుంచి రాలేదు.
నాయనా, కామా ఆరోగ్యానికీ నీ రిజిస్టరుకూ కొంత సంబంధం ఏర్పడింది.
(మూడోది ఇంగ్లీషులో రాశాను. చించేశాను.)

భోజనం దగ్గర చెబుదామనుకున్నాను. భోజనం దగ్గర చెప్పే మాట కాదు. కాఫీ దగ్గర చెబుదామనుకున్నాను. కాఫీ దగ్గర అంతకన్నా కాదు.

జూన్ 16, గురువారం

తిప్పేస్వామి తిరిగొచ్చాడు.

"నేను పోయలేదు సార్. డబ్బా తెరవనే లేదు. మా పిన్నమ్మ మీద ఒట్టు."

నాయన మొహం చూడలేకపోయాను. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చారు. పనులు ఆపుతారా అని అడగడానికి రామక్క, ఆమెతోటి కూలీలు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"మరి ఎవరు పోసినారు?" అన్నాడు నాయన.

"కామా" అన్నాను. "అది కామా ఉచ్చ."

పుట్టి పందొమ్మిదేళ్ళయింది. 'ఒకటి' అసలు పేరు ఇప్పుడు పలికాను, ఇరవైమంది ముందు, ప్రార్థన చదివినంత గట్టిగా.

నాయన తన చేతి వేళ్ళు వాసన చూసుకున్నాడు. మూడు రోజుల కిందటి వేళ్ళు.

"అంతా దానిదేనా?"

"అవును."

"నాలుగు పాయింట్ రెండూ?"

"మూడు విడతల్లో, నాయనా."

రామక్క గేటు పట్టుకొని నేల మీద కూర్చుండిపోయి నవ్వింది. "ఓరి దేవుడా! తాలూకా అంతా చుక్క లేకపాయె, కామాక్షమ్మ ఒక్కతే కురిసె!"

నాయన ఫోను చేసి దిద్దించాడు. రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారట. గంటసేపు రాశాడు: "13వ తేదీన గ్లాసులో ఉన్నది వర్షేతర ద్రవమని విచారణలో తేలినందున, ఆనాటి వర్షపాతం 0.0గా పరిగణించ ప్రార్థన."

పనులు ఆగలేదు. నాయన నన్ను తిట్టలేదు. రిజిస్టరులో 4.2 మీద గీత కొట్టేటప్పుడు మాత్రం చాలా నెమ్మదిగా కొట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 18, శనివారం

వారం వృథా. ఇంకా రెండు రోజులున్నాయి. చాలు!

ముందే చేయించడానికి కారణాలు: ఏడు.
తర్వాత చేయించడానికి కారణాలు: ఏడు.

ఒకటి కొట్టేస్తే, న్యాయం కోసం అవతలా ఒకటి కొట్టేశాను. అలా రెండు వైపులా మూడు మిగిలాక ఆపేశాను.

మధ్యాహ్నం మూడింటికి కామా కూర్చుని ఏడ్చింది. మంట అనుకుంటాను. చుక్క రాలేదు. నా పాదం మీద తల పెట్టి నన్నే చూసింది. ఈ ఇంట్లో నిర్ణయం తీసుకునేది నేనేనని దానికెవరు చెప్పారో.

ఏది మంచిదో దానికి తెలిసినా బాగుండేది. ముందంటే ఒకసారి మొరుగు, తర్వాతంటే రెండుసార్లు అని అడిగాను. తుమ్మింది.

జూన్ 19, ఆదివారం

7.00 – గచ్చు మీద రక్తం!

నా వల్లే. ఆలస్యం చేశాను, జబ్బు లోపలికి పాకింది. కామాను తువ్వాలులో చుట్టి, చెప్పులు లేకుండా గేటు దాకా పరిగెత్తాను. ఏడుస్తూనే.

"యాడికి పాపా?" రామక్క.

"రక్తం, రామక్కా! చచ్చిపోతోంది!"

ఆమె తువ్వాలు ఎత్తి చూసింది. "సావడమేంది? ఎదకొచ్చిండాది. మూడు మగకుక్కలు పొద్దున్నుంచి నీ గేటు కాడ కూసోని ఉండాయి. వాటికి తెలిసింది, కాన్వెంటు చదివినదానికి తెలీలేదు!"

మూడు కాదు. నాలుగు.

నిర్ణయం రేపటికి పెట్టుకున్నాను. ఒక్క రోజు! ఒక్క రోజు ఆగలేకపోయింది.

జూన్ 20, సోమవారం

కామాను గంపలో పెట్టి, మూత వేసి తీసుకుపోయాను. గొర్రెలవాళ్ళు అందరూ ఉన్నారు.

"నిన్న ఎదకొచ్చింది, డాక్టరు గారూ" అన్నాను. గొర్రె వైపు చూడలేదు.

"అయితే ఇప్పుడు కత్తి పెట్టేందుకు లేదు. రక్తం నిలవదు. ఇరవై రోజులు గడప దాటనీయొద్దు. మంటకు మాత్రలిస్తా. మూడు నెలలయినాక అనంతపురంలో చేయిద్దాం."

"నేను ఆలస్యం చేసినానా?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "చేసినావు. అది మంచికా చెడ్డకా అనేది ఈ పిల్ల చెప్పల్ల, నేను కాదు. జబ్బు తగ్గితే మంచికే." కామా చెవి గోకారు. "ఇంగ తేదీ చెప్పు. రాసుకుంటా."

"ఆలోచించి..."

"ఆలోచించినావు కదమ్మా పద్నాలుగు దినాలు. ఊరికి వాన కూడా కురిపిస్తివి."

గొర్రెలవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

"సెప్టెంబరు 19. సోమవారం."

"రాస్తాండా."

"పెన్సిలుతో రాయండి, డాక్టరు గారూ."

"నా కాడ పెన్సిలు లేదు."

జూన్ 21, మంగళవారం

ఈరోజు నుంచి క్రమశిక్షణ.

కొత్త పట్టిక. గీతలు లేవు, ఎర్ర సిరా లేదు.

6.10 – ఉచ్చ. ఒకే ధార. ఏడవలేదు.
6.15 – గేటు దగ్గర నాలుగు కుక్కలు. అమ్మ చీపురు.
7.40 – ఉచ్చ. ధారే!
9.00 – ఇంతవరకు మళ్ళీ లేదు. చెప్పులు పొడిగా ఉన్నాయి. నాయన రెండుసార్లు తట్టి చూసుకున్నాడు.
9.10 – మాత్రల వల్లో, ఎద వల్లో తెలియదు. ఇలాగే తగ్గిపోతే అసలు ఆపరేషన్ ఎందుకు అనిపించింది.
9.12 – ఇంకొన్నాళ్ళు చూసి చెబుతానని డాక్టరు గారికి చీటీ రాశాను.
9.20 – గేటు దగ్గరికి ఐదో కుక్క వచ్చింది. ఎత్తుగా ఉంది. గోడ వైపు చూస్తోంది.
9.21 – చీటీ చించేశాను. సెప్టెంబరు 19.