తలకిందులైన స్టీరింగు

ఉధ్నా, సూరత్

రాజేశం అన్నకు తమ్ముడు శ్రీహరి దండాలు. ఒంట్లో బాగుంది, వేళకు తింటున్నాను.

మగ్గం విడిచి గ్యారేజీలో చేరితే చేతిపని మరిచిపోతానని భయపడ్డావు కదా, మరవలేదు. మొన్న వరాఛా పేట నుంచి సేటు ఒకాయన వాళ్ల నాన్న నాటి ఫియట్ కారు తెచ్చాడు. స్టీరింగు గొట్టంలో బేరింగు అరిగి స్టీరింగు చక్రం ఊగుతోంది. ఆ చక్రాన్ని ఊడదీసే పనిముట్టు ఎక్కడా దొరకలేదు. మగ్గం పుల్లీ లాగే పుల్లర్ గుర్తొచ్చి పక్క కార్ఖానాలో అడిగి తెచ్చాను. దాని కాళ్లు లావై చక్రం వెనక దూరలేదు. ఆకురాయితో సన్నగా అరగదీశాను. చక్రం టక్కున ఊడింది, కానీ పుల్లర్ కాలు ఒకటి విరిగింది.

బేరింగు మార్చి చక్రం బిగించాను. సేటు నడిపి చూసి, "గాడీ తో సీధీ ఛే, స్టీరింగ్ కేమ్ ఉంధూ?" అని నవ్వాడు. బండి తిన్నగానే పోతోంది, చక్రం మాత్రం తలకిందులుగా ఉంది!

మా మేస్త్రీ పరమేశ్, "ఏందిరా, గిది మగ్గం పుల్లీ అనుకున్నవా? ఇప్పేముందు చక్రం మీద, కడ్డీ మీద జర గీత పెట్టుకోవద్దా?" అన్నాడు. పుల్లీకి పైనా కిందా ఉండవు కదన్నా, నాకు తట్టనేలేదు. నీకైతే తట్టేదా? రాయి.

పుల్లర్ విరిగింది కనుక మళ్లీ ఊడదీసే వీలులేక, సేటు బండిని అట్లాగే తీసుకుపోయాడు. దీపావళిలోపు వచ్చి నా చేతనే సరిచేయించుకుంటాడట. బాపు చేసిన సన్నకాళ్ల పుల్లర్ అటక మీద ఉందా? మొండయ్య మామ ఇటు వచ్చేటప్పుడు పంపు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా?

పుల్లర్‌తో పాటు తన బడిసంచిలోంచి ఒక సుద్దముక్క పెట్టమని నీ బిడ్డ సంతోషికి చెప్పు.