జలసంధి మొగలో శిలువ

తమ్ముడు సవ్వాతీకి,

పటాలు గీసే అధికారుల ఓడకి నువ్వే దారి చూపిస్తున్నావని విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఓడ కదిలేలోపు ఈ ఉత్తరం నీకు అందాలి.

మంచు సముద్రం నుంచి మాతోచ్కిన్ జలసంధిలోకి దూరే మొగలో, కొండ కొమ్ము మీద కొత్త శిలువ కనిపిస్తుంది. దాన్ని నమ్మి చుక్కాని తిప్పకు. మనవాళ్ళు పాతే శిలువకి అడ్డకొయ్య ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, పొగమంచులో దాన్నిబట్టే కదా దిక్కు తెలుసుకుంటాం. ఇది మాత్రం తూర్పు పడమరలుగా ఉంది. దీని లెక్కన పోతే ఓడ రాళ్ళ మీదికెక్కుతుంది.

పాతింది నాన్న. నిరుడు నువ్వు అధికారుల వెంట పోతానన్నప్పుడు, "పో, మళ్ళీ నా కళ్ళబడకు" అన్నాడు గుర్తుందా? నీ తెడ్డు ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చాక, నువ్వు మునిగిపోయావనుకుని ఆయనే కొయ్య చెక్కి నీ పేరు రాశాడు. ఉత్తరాన నువ్వు పోయిన నీళ్ళకేసి దాని మొహం తిప్పాడు. గుంజ పట్టుకున్నది నేనే. తప్పని తెలిసీ నోరు మెదపలేదు.

నార్వే వాళ్ళు నిన్ను కాపాడారని కబురొచ్చాక, "వేటకి వెళ్ళినప్పుడు దాన్ని పీకేద్దాం నాన్నా" అన్నాను.

"పాతిన శిలువని పీకుతారట్రా, బుద్ధిలేని వెధవా?"

"పోనీ, సరిగ్గా తిప్పుదాం."

నాన్న వల అందుకుని అల్లసాగాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "వాడి పేరున్న శిలువ. వాణ్ణే వచ్చి తిప్పుకోమను. గుంజ నేను పట్టుకుంటానని రాయి."

మీ అన్న