మెడ ఉబ్బినప్పుడల్లా భళా

జిరిసాన్ కొండ

ప్రియమైన శ్రీవారికి,

ప్రియమైన అన్నది అలవాటు కొద్దీ రాశాను. నన్నడక్కుండా చుసోక్ పండగ కచేరీ రద్దు చెయ్యమని గురువుగారికి కబురంపడానికి మీరెవరు? ఐదు గంటల పాన్సోరి కథ ఒక్క గొంతుతో పాడటానికి జలపాతం పక్కన నూరు రోజులుగా అరుస్తున్నాను. మెడ ఉబ్బితే గొంతు పండినట్టేనని గురువుగారే అన్నారు. మీ పోరు పడలేక కొండ దిగి డాక్టరుకీ చూపించాను. పడుకోబెట్టి, నొక్కి చూసి, ఏమీ లేదన్నాడు. ఇక మీ డోలు సంగతి మీరు చూసుకోండి.

మీ మల్రే

నామ్వన్

ప్రియమైన మల్రేకి,

నోరు మూసుకుని పడుకుంటే ఆయనకేం కనిపిస్తుంది, నా తలకాయ? ఊపిరి బిగబట్టి పైస్థాయి ఎత్తినప్పుడే కదా అది కోడిగుడ్డంత లేచేది. పదకొండేళ్లుగా నీ ఎదురుగా కూర్చుని, నీ మెడ చూస్తూ డోలు కొడుతున్నాను, మధ్యమధ్య భళా అంటూ నీకు ఊపునిస్తున్నాను. అదే నా పని. క్వాంగ్జు పెద్దాసుపత్రికి వెళ్లు. పరీక్ష చేసే బల్ల మీదే పాడు. సిగ్గుపడ్డావంటే నేనే వచ్చి అక్కడ వాయిస్తాను.

నీ దొక్సు

క్వాంగ్జు ఆసుపత్రి

ప్రియమైన శ్రీవారికి,

పాడాను. వార్డంతా తలుపు దగ్గర పోగయింది. స్కానింగ్ తెర మీద మెడలోని పెద్ద సిర బుడగలా ఉబ్బింది. చాలా అరుదట. లోపల రక్తపు గడ్డ కూడా ఉంది, కదిలితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ఉబ్బిన చోటు కోసేసి సిరను కుట్టాలి. గొంతును ఆడించే నరం దాని వెనకే ఉంది, పాట మిగులుతుందని మాటివ్వలేనన్నాడు డాక్టరు. ఎల్లుండే ఆపరేషను. భయంగా ఉంది.

ఎన్నాళ్లుగా ఉందని అడిగితే ఈ వసంతం నుంచి అన్నాను. కాదమ్మా, ఏళ్ల నాటిది అన్నాడు. మీరు మొదట ఎప్పుడు చూశారు?

మల్రే

నామ్వన్

ప్రియమైన మల్రేకి,

మూడేళ్ల క్రితం, జొంజు పాటల పోటీలో.

అందరిలాగే నేనూ గొంతు పండిందనుకున్నాను. అది లేచినప్పుడల్లా భళా అని అరిచాను. ఇంకాసేపు నిలబెట్టమని డోలు గట్టిగా కొట్టాను, నువ్వు నిలబెట్టావు. ఈ వసంతంలో పాట ఆగినా అది చాలాసేపటిదాకా దిగలేదు. కచేరీ ఆపించాను గానీ ఈ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. ఎంత తిట్టినా పడతాను.

దొక్సు

క్వాంగ్జు ఆసుపత్రి

శ్రీవారికి,

ప్రియమైన సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరం ఆపరేషను అయ్యాక చేతికందింది. తిడదామంటే వారం దాకా నోరు విప్పకూడదన్నారు. మీరు అన్న ప్రతి భళా గుర్తుచేసుకుని ఆ వారమంతా పళ్లు నూరాను. నిన్న డాక్టరు, ఏదైనా పలకమ్మా అన్నాడు. దొక్సూ, దరిద్రుడా అన్నాను. వరండా చివరిదాకా వినిపించింది. నర్సు నవ్వింది, నేను ఏడ్చాను.

పై నెల డోలు తీసుకుని రండి. మొదటి నుంచి పాడతాను. నేను చెప్పేదాకా మీ నోట భళా రాకూడదు. డోలువాడికి అదెంత కష్టమో నాకు తెలుసు, అందుకే అంటున్నాను. కళ్లు కుట్టు మీదే ఉంచండి. అది కాస్త లేచినా డోలు ఆపండి. మీరు ఆపితే నేనూ ఆపుతాను.

కోపం తగ్గని,
మీ మల్రే