ఎవరెవరున్నారు?

నా కందిరీగకు,

ఉత్తరం చూడగానే కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను, ఆఖరికి నేను చెప్పాలనుకున్నది నా నోట్లోనే ఉండిపోతుంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో దూరలేవు కదా, అందుకని రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, నేనొక కెమెరా కొనుక్కోబోతున్నాను. నవ్వావా? నవ్వు, నవ్వు. మీ బావైతే అన్నం తింటూ పొలమారేదాకా నవ్వాడు. "ఫోన్లో ఉందిగా కెమెరా, దానికేం రోగం? ముందు నీ బొటనవేలు పడని ఫోటో ఒక్కటి చూపించు, అప్పుడు చూద్దాం" అన్నాడు. నా ఫోన్ నిండా నా వేలి ఫోటోలే ఉన్నాయన్నది నిజమే అనుకో. అయినా అంత నవ్వాలా?

స్కూలు వ్యాను నడపడం మానేశానని చెప్పానుగా, నడుం నొప్పని. ఇన్నేళ్లూ పిల్లల గోలతో చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్టుకున్నదాన్ని, ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే ఏం తోచడం లేదు. ఎదురింటి గోడ మీద పిల్లి ఎప్పుడు వస్తుందా అని కాచుక్కూర్చుంటున్నాను. అందుకే ఏదో ఒక సరదా పెట్టుకుందామని. ఫోటోలు తీయడమంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టమే, నీకు తెలుసు.

కానీ ఏది కొనాలో చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంటే తల తిరిగిపోయింది. ఒకడు ఇది కొనకపోతే బతుకే వృథా అంటాడు, ఇంకొకడు అదే కొంటే డబ్బు తగలేసినట్టే అంటాడు. లోపల అద్దం ఉన్న రకమట, అద్దం లేని రకమట. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సట, వెడల్పుగా చూపించే లెన్సట. మన ఇంట్లో ఇవన్నీ తెలిసినదానివి నువ్వొక్కదానివే. అంత ముచ్చటపడి కొనుక్కుని, నాలుగు రోజులు మెడలోంచి తీయకుండా తిరిగి, ఉన్నట్టుండి బీరువాలో పడేశావు. అడిగితే మోజు తీరిపోయిందన్నావు. చిన్నప్పటి రిబ్బన్లు ఇప్పటికీ దాచుకున్నదానివి, నీకు మోజు తీరడమేమిటే? సరే, అది నీ ఇష్టం. నాకు మాత్రం ఒక్కటి చెప్పు. వెనకాల తెర కాకుండా, కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ ఉంటుందే, అది పెద్దదిగా, బాగా వెలుతురుగా ఉండేది ఏ రకంలో దొరుకుతుంది? ఎందుకని అడక్కు.

ఇంకో జోకు. ఈ మధ్య ఇంట్లో ఎవరైనా కుర్చీ జరిపితే నేను గయ్యిమని లేస్తున్నానట. "అచ్చం మీ నాన్న దిగాడు, రేపట్నుంచి హాజరు కూడా తీసుకుంటావేమో" అంటున్నాడు మీ బావ. గుర్తుందా? బట్టల కొట్లో పొద్దస్తమానం గుడ్డ కొలిచి వచ్చే మనిషికి మనం పెట్టిన పేరు హెడ్మాస్టరు! ఇంటికి రాగానే గుమ్మంలో నిలబడి, "ఎవరెవరున్నారు?" అనేవాడు. మనం ఒక్కొక్కళ్లమే "ఉన్నా" అనాలి. అందరూ పలికితేగానీ లోపల అడుగు పెట్టేవాడు కాదు. నువ్వు మంచం కింద నక్కి, పలక్కుండా ఏడిపించేదానివి.

వెంటనే రాయి. కొట్టుకి వెళ్లేలోపు నీ మాట కావాలి.

నీ అక్క

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. కెమెరా వద్దు. ఉత్తి దండగ. నడుం నొప్పంటున్నావు, దానికి తోడు మెడకో బరువు ఎందుకు? నాది ఏ రకమో కూడా మర్చిపోయాను. మొక్కలు పెంచుకో. ఇక్కడ గౌన్లు గుట్టలుగా పడున్నాయి, కుట్టు మిషను ముందు నుంచి లేవడానికే తీరడం లేదు. బావని అడిగానని చెప్పు.

చెల్లి

*

కందిరీగా,

నీ జవాబు చూశాను. కిరాణా కొట్టు చీటీలో ఇంతకంటే ఎక్కువ మాటలుంటాయి. వాగుడుకాయవి, నీకేం మాయరోగం వచ్చింది? సరే, నీ మీద కోపం తర్వాత తీర్చుకుంటాను. ముందు నేను నీకు చెప్పిన అబద్ధం సంగతి చూడాలి. మిషను ఆపేసి చదువు.

నాకు నడుం నొప్పి లేదు. ఇప్పటికిప్పుడు బస్తా ఎత్తమన్నా ఎత్తుతాను. నాకు చూపు పోతోందే.

అమ్మయ్య, రాసేశాను. ఈ మాట నా నోటితో ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, సూదిలో దారం ఎక్కించమన్నా ఎక్కిస్తాను. పక్కలే మూసుకుపోతున్నాయి. ఓరగా వేసిన తలుపు సందులోంచి చూస్తున్నట్టుంటుంది లోకం. పొద్దుగూకితే ఆ సందు కూడా ఉండదు. కళ్ల డాక్టరమ్మ నన్నొక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. నొక్కాను. కాసేపటికి చుక్కలు రావడం ఆగిపోయింది. ఎంతసేపు చూసినా రాకపోతే, "డాక్టరుగారూ, మీ యంత్రం చెడిపోయినట్టుందండీ" అన్నాను. యంత్రం బాగానే ఉందటే. చుక్కలు వస్తూనే ఉన్నాయట.

కంటి లోపలి పొర మెల్లమెల్లగా పాడైపోతోందంది. నయం చేసే మందు తన దగ్గర లేదంది. ఎన్నాళ్లకి పూర్తిగా పోతుందో కూడా చెప్పలేనంది.

అసలు డాక్టరు దగ్గరికి ఎందుకెళ్లానో చెప్తాను విను. ఆ సాయంత్రం ముసురు పట్టింది. ముందు పన్ను ఊడిన పిల్ల ఒకతి ఉండేది, నా వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా నా జడతో ఆడుకునేది. దాన్ని వాళ్లింటి ముందు దింపాను. అద్దంలో చూశాను, ముందుకి చూశాను, ఎవరూ లేరు. గేరు వేశాను. ధడేల్మని వ్యాను ముందు రేకు మీద చేత్తో కొట్టిన చప్పుడు. "ఆంటీ! నేనిక్కడ ఉన్నా!" అని అరుపు. నీళ్ల సీసా మర్చిపోయిందని వెనక్కి వచ్చిందట. ఎడమ పక్క, లైటు దగ్గరే నిలబడి ఉంది. దానికి గీత కూడా పడలేదు. నేనే స్టీరింగు మీద తల పెట్టుకుని ఉండిపోయాను. "ఆంటీ, భయమేసిందా?" అని అదే నన్ను ఓదార్చింది. మర్నాడు పొద్దున్నే ఓనరు చేతిలో తాళాలు పెట్టి, నడుం నొప్పన్నాను. ఇక జన్మలో స్టీరింగు ముట్టను.

"నేనిక్కడ ఉన్నా" అని ఆ పిల్ల అన్నప్పుడు నాకు ఎవరు గుర్తొచ్చారో నీకు వేరే చెప్పాలా? మనం ఎంత మొద్దులమే! నాన్న హాజరు తీసుకునేవాడు కాదు. ఎవరం ఎక్కడున్నామో చెవితో వెతుక్కునేవాడు. కుర్చీ జరిపితే, గ్లాసు చోటు మారిస్తే ఇల్లు పీకి పందిరేసేవాడని తిట్టుకునేవాళ్లం. పాపం, ఆ చోట్లన్నీ బట్టీ పట్టి నడిచేవాడు. ఒక్కసారీ నోరు విప్పి చెప్పలేదు. ఇక రోడ్డు మీద బండి గుద్ది నాన్న పోయినప్పుడు అందరూ ఏమన్నారు? ఎవరి మాటా వినడు, రోడ్డు తన సొంతమనుకుని దాటేశాడన్నారు. అమ్మ కూడా అదే అంది. పక్కనుంచి వచ్చింది కదే ఆ బండి. పక్కనుంచి.

ఇప్పుడు కెమెరా సంగతి. నువ్వు వద్దన్నా కొట్టుకి వెళ్లాను. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుక్కునే పెద్దమనిషి ఆ కొట్టాయన. ముందు అద్దం ఉన్న కెమెరా ఇచ్చాడు. కన్ను ఆనించాను. నా కన్నెలా ఉందో అదీ అలాగే ఉంది, కొట్టు వెనక గది నల్లగానే కనిపించింది. తర్వాత అద్దం లేనిది ఇచ్చాడు. దాని కిటికీ లోపల చిన్న తెర ఉంటుందట, వెలుతురు తక్కువైతే అదే పెంచి చూపిస్తుందట. దాన్ని ఆ గది వైపు తిప్పాను. అట్టపెట్టెలు, ఒక నిచ్చెన, స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న మనిషి! కెమెరా దించాను, చీకటి. మళ్లీ ఎత్తాను, ఆ మనిషి నాకేసి చెయ్యి ఊపుతున్నాడు.

"అక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" అన్నాను.

"మా బావమరిదమ్మా. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. పని చెప్తే తప్ప కనిపిస్తూనే ఉంటాడు."

నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఆయన బెదిరిపోయి మంచినీళ్లు తెప్పించాడు. వెడల్పు లెన్సు పెట్టి చూపించమన్నాను. "మొదటి కెమెరా కదమ్మా, అందరూ దూరం లాగేదే తీసుకుంటారు. దీంట్లో మనుషులు మరీ చిన్నగా పడతారు" అన్నాడు. పడనివ్వండి, అందరూ పడితే చాలన్నాను. ఎందుకో తెలుసా? దాంట్లోంచి చూస్తే కొట్టంతా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నాకు మిగిలిన ఆ సందులో ఇమిడిపోయింది. అలా ఒక గదిని గదిలా చూసి ఎన్నాళ్లయిందో నాకే తెలియదు.

కానీ కొనలేదు. పక్కన పెట్టి ఉంచమన్నాను. కళ్లు పోయేదానికి కెమెరా ఏమిటని ఒక పక్క సిగ్గేస్తోంది.

అసలు చెప్పాల్సింది ఆఖర్న పెట్టాను, చెయ్యి ఆడక. ఇది మన రక్తంలో ఉందటే. తోబుట్టువులుంటే వెంటనే చూపించుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నువ్వు వెళ్లు. రేపే వెళ్లు. నీకు ఏమీ లేదని తేలితే, ఊరికే హడలగొట్టానని నన్ను నోరారా తిట్టి రాయి. ఆ తిట్ల కోసం ఎదురుచూస్తుంటాను.

నీ అక్క

*

అక్కా,

నిన్ను తిట్టే భాగ్యం నాకు లేదు. నువ్వే నన్ను తిట్టాలి. నేను చూపించుకున్నాను. ఇప్పుడు కాదు, కెమెరా కొన్న ఏడాదే.

పార్కులో మా ఆయన్నీ, ఆయన స్నేహితుల్నీ నిలబెట్టి ఫోటో తీశాను. తెర మీద అయిదుగురున్నారు. తల ఎత్తి చూస్తే ముగ్గురే. మళ్లీ తీశాను, మళ్లీ అయిదుగురు. కెమెరాలో ఏదో దెయ్యం ఉందనుకున్నానే, ఒట్టు. కొట్టుకి తీసుకెళ్లి, పాడైపోయింది, మార్చి ఇవ్వండని గొడవ కూడా పెట్టుకున్నాను. నువ్వు యంత్రం చెడిందన్నావు, నేను కెమెరా చెడిందన్నాను. ఒక్క కడుపున పుట్టాం మరి. కళ్ల డాక్టరు దగ్గర సంగతి తేలాక దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. నాకు ఏమేం కనిపించడం లేదో అది రోజూ చూపిస్తుంటే భరించలేకపోయాను.

మీ అక్కకి చెప్పమ్మా అని నా డాక్టరు కూడా అన్నాడు. చెప్పలేదు. ఇరుకు సందుల్లో అంత వ్యానుని గిర్రున తిప్పే మనిషివి, నీకేముంటుందిలే, నాన్నది నా ఒక్కదానికే వచ్చింది అనుకున్నాను. చెప్తే నీ నిద్ర కూడా పోతుంది తప్ప ఏముంది అనుకున్నాను. ఆ పిల్ల చెయ్యెత్తి కొట్టకపోయి ఉంటే? నీ ఉత్తరంలో ఆ చోటికి వచ్చి ఆగిపోయానక్కా. అదే జరిగి ఉంటే అది నీ పాపం కాదు, నాది. నువ్వు తిట్టినా, మాట్లాడ్డం మానేసినా పడతాను.

నాది నీకంటే ముదిరింది. సూది ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది కాబట్టి కుట్టడం నడుస్తోంది. గుడ్డంతా ఒక్కసారి కంట్లో పడక కత్తిరించడం ఎప్పుడో వేరేవాళ్లకి వదిలేశాను. నీ ఉత్తరం ఒక్కో మాటే కూడబలుక్కుని చదివాను. మొన్న నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నది కోపంతో కాదు, రాస్తే ఎక్కడ బయటపడిపోతానోనని.

ఇవాళ మా ఆయనకి చెప్పాను. ఆయన లేచి, తను జరిపిన కుర్చీని తీసుకెళ్లి మళ్లీ దాని చోట్లో పెట్టాడు. బావకి నువ్వూ చెప్పు. నాన్నలా దాచుకుని తిరగొద్దు.

బీరువాలోంచి నా కెమెరా తీశాను. బ్యాటరీ పెట్టి, కన్ను ఆనించి చూశాను. అప్పటి మామూలు లెన్సు ఎటు పోయిందో, ఇప్పుడున్నది దూరం లాగేదే, ఒక మొహం వస్తే ఇంకో మొహం పోతుంది. మనకది పనికిరాదు. నువ్వు పక్కన పెట్టించిందే కొను. చిన్నగా పడితే పడ్డారు, అందరూ పడాలి. సిగ్గెందుకే? కళ్లు పోయేవాళ్లకి కాకపోతే ఎవరికి కావాలి అది?

ఈ గౌన్లు ఇచ్చేసి వచ్చే శనివారం వస్తున్నాను. నేను బస్సు దిగేసరికి చీకటి పడిపోతుంది. నీకు నేను కనపడను, నాకు నువ్వు కనపడవు. బావని వెంట తెచ్చుకో. తెచ్చుకున్నా సరే, ముందు నువ్వే పిలువు. జనం చూస్తారని మొహమాటపడకు. నాన్న గుమ్మంలో నిలబడి పిలిచినట్టే, గట్టిగా, ఎవరెవరున్నారని అడుగు. ఈసారి మంచం కింద నక్కనులే.

ఉన్నా,
నీ కందిరీగ