ఎలుకలు తాగిన మజ్జిగ

మక్తర్

నా బంగారు తల్లి ఓల్ఫాకు అమ్మ వేయి దీవెనలు. ఇక్కడ మేకలతో సహా అందరం క్షేమం. ట్యూనిస్‌లో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటాను.

నీ ఉత్తరం వచ్చింది మొదలు నా కాళ్లు నేలమీద నిలవడం లేదు. మన తోలు తిత్తిలోని మజ్జిగ నుంచి మీ ల్యాబులో మీరు తీసిన మంచి బ్యాక్టీరియాను పట్టిస్తే ఎలుకల పేగుల్లో కంతులు సగానికి తగ్గాయా! మీ అమ్మమ్మ వేసిన తోడు ఇన్నేళ్లు ఆ తిత్తిలో బతికి, ఇప్పుడు పెద్దపేగు క్యాన్సర్ మీదికే యుద్ధానికి పోయిందన్నమాట. ఉత్తరం పట్టుకుని నేరుగా పక్కింటి ఖద్రా దగ్గరికి పరుగెత్తాను.

ఖద్రా నోరు నీకు తెలియనిదా. "ఏమే హనియా, నీ మేకలు డాక్టరీ పాసయ్యాయట కదా," అంది. "పాసయ్యాయి. నీ ఆవు ఇంకా ఓనమాల దగ్గరే ఉంది," అన్నాను. సాయంత్రానికి గిన్నె పట్టుకుని తనే వచ్చింది. ఇప్పుడు ఊళ్లో సగంమంది మన గుమ్మంలోనే ఉంటున్నారు.

నువ్వడిగినట్టే తిత్తిని చల్లటి నీళ్లతోనే జాడిస్తున్నాను, సబ్బు తగలనివ్వడం లేదు. "ఎలుకల్లో తేలితే మనుషుల్లో తేలినట్టు కాదమ్మా, ఊరంతా చాటకు" అని రాశావు. ఆ ముక్క మాత్రం ఎవరికీ చదివి వినిపించలేదు. ఆ సంతోషంలో ఎలా చదవను చెప్పు?

ఇక నీ చివరి ప్రశ్న. మీ నాన్న పోయింది ఆ పేగు జబ్బుతోనే కాబట్టి నన్నూ పేగులోకి గొట్టం వేసి చూసే పరీక్ష చేయించుకోమని ఉత్తరం ఉత్తరానికీ పోరుతున్నావు, నేను దాటేస్తున్నాను. ఫోనులో నా గొంతే నన్ను పట్టిస్తుంది, అందుకే రాస్తున్నాను. రంజాన్‌కు ముందు నుంచీ నాకు విరేచనంలో రక్తం పడుతోంది తల్లీ. మొలలనుకుని ఇంకో గిన్నె మజ్జిగ ఎక్కువ తాగాను. తర్వాత భయమేసింది. తిత్తి గల ఇంటామెకే ఆ జబ్బంటే నీ పరిశోధన పరువేం కాను? మీ పెద్దసారు ఏమంటారు? అందుకని నోరు మూసుకున్నాను.

నిన్న ఖద్రా గిన్నె ఖాళీ చేసి, "ఇంక నాకు డాక్టరుతో పనేంటే, ఆస్పత్రిలో రాసిచ్చిన మలపరీక్ష చీటీ పొయ్యిలో పడేశా," అంది. మీ నాన్న గుర్తొచ్చారు. ఈ ఇంట్లో ఆ మజ్జిగ ఆయన తాగినంత ఎవరు తాగారు?

అక్కడికక్కడే దానికి రక్తం సంగతి చెప్పేశాను. "ఇన్నాళ్లూ నాకు చెప్పకుండా మజ్జిగ పోస్తూ కూర్చున్నావటే, మొండిదానా," అని తిట్టింది, ఏడ్చింది, తన కొత్త చీటీ కోసం తనే బయలుదేరింది.

మంగళవారం ఇద్దరం నీ దగ్గరికి వస్తున్నాం. నాకు ఆ పరీక్ష రాయించి ఉంచు. ఎలుకలకు మజ్జిగ ఆపొద్దు, తాజాది సీసాలో తెస్తాను. నా సంగతి దాచిపెట్టకు, మీ సారుకు నేనే చెబుతాను. ఎలుకల లెక్క పక్కన నన్నూ, మీ నాన్ననూ కూడా రాసుకోమంటాను.

ఇట్లు,
భయపడుతూనే బయలుదేరుతున్న
మీ అమ్మ, హనియా