జంపఖానా మీద ఆకాశం

ఒరేయ్ యాదగిరీ,

ఇవాళ నీ సంవత్సరీకం భోజనాలయ్యాక నీ బిడ్డ లావణ్య ఫోన్ తీసింది. తను మొదటిసారి పారాచూట్ కట్టుకుని విమానంలోంచి ఒంటరిగా దూకిన వీడియో అది. నువ్వు చూడలేదన్నదే ఆమె దిగులు.

"కాకా, బాపు లెక్కనే దూకిన్నా? నిజం చెప్పాలె" అంది.

ఎవరినడిగిందో చూడు! నిచ్చెనెక్కితేనే కళ్లు తిరిగే నన్నూ, సాంబయ్యనూ. కానీ మిలిటరీ పారాచూట్ దళం నుంచి సెలవులకొచ్చినప్పుడల్లా మన కొత్తవాడలో జంపఖానా పరిచి, గాల్లో ఎలా తేలాలో నేర్పిస్తానని మమ్మల్ని బోర్లా పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ పైకి లేపించింది నువ్వే కదా. అన్నట్టు, ఇవాళ మేం కూర్చున్నదీ దాని మీదే; అది నేసిన సాంబయ్య దాని రంగు ఇంకా పోలేదని ఇప్పటికీ గొప్పలు పోతాడు.

"నడుము మంచిగనే వంచినవ్ గని, గదుమ కిందికున్నది. మీ బాపైతే నెత్తి మీద ఒక్కటిచ్చేటోడు" అన్నాడు సాంబయ్య. చూపిస్తానని ఆ జంపఖానా మీదే బోర్లా పడ్డాడు.

లావణ్య పక్కనే పడుకుని గడ్డం పైకి లేపింది. "ఇట్లనా కాకా?"

"గట్లనే బిడ్డా! అచ్చం మీ బాపే" అన్నాను.

ఎన్నడూ నేల విడవని మేము, నీ విద్యను ఇన్నాళ్లు దాచి నీ బిడ్డకు అప్పజెప్పాంరా. సాంబయ్యను లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. నడుముకేమైందని ఎవరడిగినా, "దూకినప్పుడు పట్టింది" అంటున్నాడు.